తడి చెప్పే బిళ్ళ

పప్పు దించి, అదే పొయ్యి మీద మైనం గిన్నె పెట్టాను. వాసన పట్టి అత్త వచ్చింది.

"వంట పొయ్యి మీద ఇదేంది మేరాజ్? రేడియోలు బాగుచేసేది నీ మొగుడా, నువ్వా?"

గిన్నెలో మైనం కలిపాను. జవాబు చెబితే నిజం చెప్పాలి. అనంతపురంలో మా రేడియో అంగడి బోర్డు మీద దాదాపీర్ అని మా ఆయన పేరుంటుంది. పన్నెండేళ్ళుగా పరదా వెనక కూర్చుని రాగితీగ చుట్టలు చుట్టేది నేను. "దాదాపీర్ చేతిలో ఏముందో గానీ" అని జనం మెచ్చుకుంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను లోపల్నుంచి టీ పంపేదాన్ని.

ఎనభై నాలుగులో కాలేజీ లెక్చరర్ బసప్ప సారు అంగడికొచ్చారు. భూమిలో తడి ఎంతుందో పైనుంచే తెలియాలి, లోపల బ్యాటరీ ఉండకూడదు, పేదరైతు కొనగలగాలి అన్నారు. "అయ్యే పని కాదు సార్" అన్నాడు మా ఆయన. నాకు మాత్రం ఆ రోజు నుంచి అదే ధ్యాస. తీగచుట్టకు రెండు రేకులు అతికించి, ఆ పొయ్యి మీది మైనంలో ముంచి బిళ్ళలా చేసి పాతిపెట్టాను. రేడియోలో ఒక్కో స్టేషను ఒక్కో చోట పలికినట్టే, చుట్టూ ఉన్న మట్టి తడిని బట్టి చుట్ట పలికే చోటు మారుతుంది. పైన అంగడిలోని మీటరు పట్టుకుని మీట తిప్పితే, ఆ చోటికి రాగానే సూది పడిపోతుంది; అది ఎక్కడ పడిందో చూస్తే తడి ఎంతో తెలుస్తుంది. ఇంతమాత్రం తెలుసుకోవడానికి ఏడు నెలలు, ముప్పై ఆరు బిళ్ళలు పట్టాయి. "పిచ్చి ముదిరినాది" అనేవాడాయన. ముప్పై ఏడోది పలికాక, "సారుకు నేను చూపిస్తాలే" అన్నాడు.

రాప్తాడు దగ్గర రైతు భద్రమ్మ చేనులో చూపించే రోజు ఇరవైమందికి చిత్రాన్నం మోసుకెళ్ళాను. మా ఆయన మీట అటూ ఇటూ తిప్పాడు. సూది కదల్లేదు. సారు వెంట వచ్చిన వ్యవసాయ ఆఫీసర్లు గుసగుసలాడుకున్నారు.

"ఏమప్పా, పలుకుతాదా లేదా?" అంది భద్రమ్మ. "శెనగ విత్తనమేయాల్నా వద్దా?"

గరిటె వదిలి చెయ్యి కడుక్కున్నాను. మీటరు అందుకుని, బిళ్ళ పాతిన చోట నేలకు ఆనించి, మీట మెల్లగా వెనక్కి తిప్పాను. సూది టక్కున పడింది.

"పైన పొడి. జానెడు లోతులో తడి ఉండాది. వేయొచ్చక్కా."

భద్రమ్మ పారతో తవ్వింది. ముదురెరుపు మట్టి పిడికిట్లో ఉండకట్టింది. ఆ ఉండ నా అరచేతిలో పెట్టి, "నీ నోట్లో చక్కెర పోయ" అంది. ఆ చల్లదనం భుజం దాకా పాకింది. తల దించుకోవాలనిపించలేదు.

బసప్ప సారు రిపోర్టు తీశారు. "దాదాపీర్, చేసినవాళ్ళ పేరు రాయాల. నీదేనా?"

ఆయన ఒక క్షణం నా వైపు చూశాడు. "మా ఇంట్లో చేసిందే సార్. నా పేరే..."

"ఇల్లు చెయ్యలేదు సార్," అన్నాను, మట్టి చేత్తోనే కాగితం మీద వేలు పెట్టి. "నేను చేసినాను. మేరాజ్ బీ అని రాయండి."