తోలు లేని డప్పు

యేసురత్నం డప్పు చంకన పెట్టుకొని దుబాయ్ వచ్చి ఆరేళ్లయింది. జెబెల్ అలీ దాటాక ఎడారి అంచున ఉన్న ఒక వినోదాల పార్కులో రోజూ సాయంత్రం దేశదేశాల జానపద నృత్యాలు ఆడించేవారు. మన గరగ నృత్యం కోసం కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎనిమిదిమందిని తెచ్చుకున్నారు. నాగబాబు నెత్తిన గరగ కుండ పెట్టుకొని ఆడేవాడు, యేసురత్నం డప్పు వాయించి ఆడించేవాడు. పనివాళ్లుండే క్యాంపులో మంట పెట్టనివ్వరు కనుక, తోలు బిగిసేలా కరెంటు పొయ్యి మీదే డప్పు కాచుకొని బస్సెక్కేవాడు.

2020 మార్చిలో పార్కు మూశారు. పదిహేను రోజులే అన్నారు. నెలలు గడిచాయి. జీతం సగమైంది, తర్వాత తిండి ఒక్కటే మిగిలింది. విమానాలు వదిలాక ఆరుగురు ఇళ్లకు పోయారు. మిగిలిన యేసురత్నాన్నీ నాగబాబునీ పార్కు యజమానికే ఉన్న కూరగాయల గిడ్డంగిలో వేశారు. మెడలో వేలాడే కార్డు మీద ‘ఆర్టిస్ట్’ పోయి ‘హెల్పర్’ వచ్చింది. ఉల్లిపాయ బస్తాలు మోసి మోసి యేసురత్నం వేళ్లు మొద్దుబారాయి. అయినా రోజూ మంచం పట్టె మీద దరువు వేసుకొనేవాడు, చెయ్యి మరిచిపోకుండా.

అక్టోబరులో ప్రసాద్ ఫోన్ చేశాడు. రాజమండ్రి మనిషి, పార్కులో కార్యక్రమాల మేనేజరు. పార్కు తెరుస్తున్నారు, డప్పు తీసుకొని రమ్మన్నాడు. యేసురత్నం ఆ మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు.

తీరా వెళితే అది స్టేజీ కాదు, నాలుగు పక్కలా మూసిన రికార్డింగు గది. చెవుల్లో టిక్కుటిక్కుమనే చప్పుడు పెట్టి, ఒక్కో దరువూ విడివిడిగా వాయించమన్నారు. మూడో దరువు దగ్గర అతను చెయ్యి ఆపేశాడు.

“జనం ముందు వాయించేది ఎప్పుడండీ?”

ప్రసాద్ దాచలేదు. కరోనాతో ఖర్చులు కోశారట. ఇక స్టేజీ మీద ఆడేవాళ్లే తప్ప వాయించేవాళ్లు ఉండరట, రికార్డే మోగిస్తారట, అది ముదీర్, అంటే పై మేనేజరు, మాటట. యేసురత్నానికి గిడ్డంగి ఉద్యోగానికి ఢోకా లేదట, అదే అదృష్టం అనుకోవాలట.

“నీ కళ ఎప్పటికీ నిలిచిపోతుంది కదయ్యా,” అన్నాడు.

“నా కళ ఇక్కడ నిలబడితే, నేనక్కడ ఉల్లిపాయలు మొయ్యాలాండీ? నేను వాయించను.”

డప్పు సంచిలో పెట్టుకొని బయటికొచ్చాడు. బస్సు కోసం కూడా చూడకుండా మెయిన్ రోడ్డుదాకా ఎండలో నడిచాడు.

క్యాంపులో, మళ్లీ ఆటకు పిలుపొచ్చిన నాగబాబు బతిమాలాడు. దరువు లేకపోతే తన ఆట కూడా తీసేస్తారనీ, ఒక్క పూట వాయించి పడెయ్యమనీ అన్నాడు. ఇవాళ నా చేతులు పట్టుకుపోయినవాళ్లు రేపు నీ కాళ్లు వదులుతారా అని యేసురత్నం అడిగాడు. నాగబాబు అటు తిరిగి పడుకున్నాడు.

మూడు వారాల తర్వాత పార్కు వంటశాలకు కూరగాయల బండి వెళ్లింది. యేసురత్నం బస్తా దించుతుంటే గోడ అవతల డప్పు మోగింది. నాలుగో చుట్టులో ఒక దెబ్బ జారింది. ఆ జారుడు అతనికి తెలుసు. రెండేళ్ల కిందట జ్వరంతో వాయించిన రోజుది. పాత వీడియోలోంచి తీసుకున్నారు. అతను కాదన్నా తీసుకున్నారు, అడగకుండానే తీసుకున్నారు.

బస్తా అక్కడే పడేసి స్టేజీ వెనక్కి వెళ్లాడు. సౌండు బల్ల దగ్గర మనిషి తల ఎత్తేలోపే వైరు పట్టుకొని లాగేశాడు.

నెత్తిన గరగతో నాగబాబు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. మాస్కులు పెట్టుకొని దూరదూరంగా కూర్చున్న జనం, ఆట అయిపోయిందనుకొని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు యేసురత్నం ఒళ్లు భగ్గుమంది.

ప్రసాద్ పరుగున వచ్చి, పోలీసులకు పట్టిస్తానన్నాడు.

“పిలవండి. దొంగ సొమ్ము ఎవరి దగ్గరుందో వాళ్లే చూస్తారు.”

ప్రసాద్ పోలీసులను పిలవలేదు. స్టేజీ దిగి వచ్చిన నాగబాబు మాత్రం చెమట తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. “నీ కోపం న్యాయమే అన్నయ్యా. కానీ లాగింది నా నోటి కాడ కూడు.”

యేసురత్నం చేతిలోని వైరు వదిలేశాడు. ఒక్క కంచం పడేసి ఇద్దరు అన్నదమ్ముల్లాంటివాళ్లను కొట్టుకోమన్న వాళ్లు ఎక్కడో చల్లని గదిలో కూర్చున్నారు. వాళ్ల దాకా తన చెయ్యి అందదు. కోపమంతా అక్కడే ఉంది.

వారంలో యేసురత్నం వీసా రద్దయింది, ఖలాస్. ఆఫీసులో ఒక కాగితం ముందు పెట్టారు. ఇష్టపూర్వకంగా వెళ్తున్నాననీ, కంపెనీ మీద ఏ ఫిర్యాదూ లేదనీ దాని సారం. ప్రసాద్ పెన్ను అందించి, ఏ భాషలో సంతకం చేసినా పర్వాలేదన్నాడు.

యేసురత్నం నిదానంగా, గుండ్రని తెలుగు అక్షరాల్లో రాశాడు: ‘నా దరువు దొంగిలించి నన్ను వెళ్లగొడుతున్నారు. నాకు ఇష్టం లేదు.’ కింద పేరు పెట్టాడు.

బల్ల వెనక గుమస్తాకు తెలుగు రాదు. అక్షరాల మీదే టపీమని ముద్ర కొట్టాడు. ప్రసాద్ వంగి చదివాడు. గుమస్తా వైపు ఒకసారి, యేసురత్నం వైపు ఒకసారి చూసి, కాగితాన్ని ఫైల్లో పెట్టేశాడు.