ఉత్తరపు గోడ చెక్క

తోటి శిష్యురాలు ఒక్‌బున్ చెక్క చీలిపోవాలని తొక్‌బో అయిదేళ్ళుగా కోరుకుంటున్నాడు. ఊరికే కోరుకుని ఊరుకున్నా బాగుండేది.

చొంజు ఊళ్ళో ప్యో గురువుగారి దగ్గర అతను పద్దెనిమిదేళ్ళుగా కయాగం వాద్యాలు చేస్తున్నాడు. ఆ పన్నెండు పట్టుతీగల వాద్యానికి ఒదొంగు అనే తేలిక చెట్టు చెక్క ఎంచడం, లోపల తొలవడం, ఎర్రగా కాల్చిన ఇనుముతో పైభాగం మాడ్చడం, అన్నీ వచ్చు. ఒక్‌బున్ అతని తరవాత ఎన్నేళ్ళకో వచ్చింది. వచ్చిన ఏడాదికే గురువుగారు ఆమె పని చూసి "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" తొక్‌బోకి ఒక్కనాడూ దక్కలేదు. కడుపు మండదా మరి?

ఆ ఏడే గురువుగారు ఒకే చెట్టు పలకలు ఇద్దరికీ చెరొకటి ఇచ్చారు. అయిదు చలికాలాలు పెరట్లో వానకీ మంచుకీ ఆరాలి. చీలితే పొయ్యిలోకే. నిలిచి బాగా పలికిన చెక్క ఎవరిదైతే వాళ్ళకి తను చెక్క మాడ్చే ఇనుము ఇస్తానన్నారు. ఇనుము ఎవరిదో ఇకమీదట కార్ఖానా వాళ్ళది.

ఆ వారమే తొక్‌బో ఆమె పలకను మంచు కరగని ఉత్తరపు గోడకి చేర్చాడు. చీలిక వచ్చిందేమోనని వారానికోసారి తిప్పి చూసేవాడు. ఏ వైపూ సుఖపడకూడదని పైది కిందికి, కిందిది పైకి పెట్టేవాడు. తన పలకకి మాత్రం వాన ముదిరితే గోనెపట్టా కప్పేవాడు. వానా మంచూ తింటేనే చెక్క పలుకుతుందని అందరికీ పాఠం చెప్పే మనిషే. బుద్ధి గడ్డి తిన్నాక ఎంత విద్య ఉండి ఏం లాభం?

ఈ శరత్తులో ఇద్దరూ చెక్కలు తొలిచి తెచ్చారు. గురువుగారు వేలి కణుపుతో తట్టారు. తొక్‌బోది గోడను తట్టినట్టు మొద్దుగా ఉంది. ఒక్‌బున్‌ది వేలు తీశాక కూడా మోగుతూనే ఉంది.

అడుగుపలక మూసేముందు లోపల రెండు పేర్లు రాయడం అక్కడి ఆచారం, ఆరబెట్టినవాళ్ళదీ తొలిచినవాళ్ళదీ. గురువుగారు కుంచె తీసి, దీన్ని ఆరబెట్టింది ఎవరని అడిగారు. ఒక్‌బున్ తడబడింది.

"నేను కాదండీ. మొదటి వారమే ఎవరో ఉత్తరపు గోడకి మార్చారు. మీరే అనుకుని ముట్టుకోలేదు."

"నేనా? లేదే. సరే, ఎవరూ చెప్పకపోతే రెండు చోట్లా నీ పేరే రాస్తాను."

రెండు చోట్లా! తొక్‌బో నోరు మూసుకుంటే పరువు దక్కేది. మూసుకుందామనే అనుకున్నాడు. కానీ కుంచె సిరాలో మునగడం చూసేసరికి, రెండు చోట్లా ఆమె పేరే పడటం ఓర్వలేక ముందుకొచ్చాడు.

"నేనే," అన్నాడు. "చీలిపోవాలనే పెట్టాను."

ఒక్‌బున్ అతనివైపు చూసింది. "అయిదేళ్ళా, అన్నా?" అంది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

గురువుగారు తొక్‌బో పేరు రాశారు, పక్కన ఒక్‌బున్ పేరు రాశారు. ఇనుము తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. తరవాత అతనివైపు తిరిగారు.

"ఇన్నేళ్ళలో నీ చేతిమీద ఆరిన మంచి చెక్క ఇదొక్కటేరా."

జిగురు కాచి మూసే పని కూడా అతనికే చెప్పారు. తొక్‌బో తన పేరు చివరిసారి చూసుకున్నాడు. పక్కనే ఆమె పేరు ఉన్నందుకు మళ్ళీ కుళ్ళుకుని, అడుగుపలక మూశాడు.