అనాస కొరికిన వేళ్లు

డోరాయ్ బొటనవేలు ఎవరి మాటా వినలేదు. సిరాలో అద్ది మూడుసార్లు నొక్కినా కాగితం మీద నల్లటి మరక పడిందే గాని ఒక్క గీత తేలలేదు. గర్భిణులకిచ్చే బియ్యం జాబితాలో వేలిముద్ర పడకపోతే అసలు మనిషే లేనట్టు లెక్క.

"వేలు కాదే ఇది, అరిగిపోయిన నాణెం," అంది ఆరోగ్యకేంద్రం నర్సు సబినా.

పన్నెండేళ్లుగా డోరాయ్ చేసేది ఒకటే పని. దాయెత్ ఊరి బయట బస్సులు ఆగే చోట కూర్చుని అనాసపళ్లు చెక్కుతుంది, రోజుకు రెండొందల కాయలు తక్కువ కాకుండా. ఆ రసం వేళ్ల మీది గీతల్ని కొంచెం కొంచెంగా కొరుక్కు తింటుంది. బస్సు కిటికీలోంచి సంచీ అందుకుని చప్పరించుకుంటూ పోయేవాళ్లకు ఆ సంగతి తెలీదు. తెలిసినా చేసేదేమీ లేదు. వాళ్లకు కావలసింది కాయ తియ్యగా ఉందా లేదా అన్నదే.

"చూశావా సబినా!" అని అందుకుంది పక్కనే నిలబడ్డ అత్త ఇస్కా. "దేవుడు గీసిన గీతల్నే మింగేసింది. లోపలున్న బిడ్డకి ముక్కూ మూతీ మిగులుస్తుందా?"

"బిడ్డ నా వేళ్లలో లేదత్తా, కడుపులో ఉంది."

"నోరు మాత్రం అరగలేదు దీనికి."

ఇస్కా కోపం చెక్కుడు పని మీద కాదు, డోరాయ్ డబ్బాల మీద. అనాస గుజ్జులో బియ్యప్పిండి కలిపి డోరాయ్ ఆదివారాలు మొహానికి పట్టించుకుంటుంది. చనిపోయిన చర్మం లేచిపోయి బుగ్గలు నున్నగా తేలతాయి. మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్లు చూసి మాకూ కావాలంటే చిన్న డబ్బాల్లో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. డోరాయ్‌కి ఇప్పుడు ఐదో నెల. పెళ్లైన నాలుగేళ్లకు నిలిచిన కడుపు. "బిడ్డ బయటపడేదాకా ఆ డబ్బా నా ఇంట్లో ఉండకూడదు," అని ఇస్కా పట్టు. తన చేతుల్తో చేసిన ఒకే ఒక్క సొంత వస్తువు అదని డోరాయ్ పట్టు. సబినా ఏదో చెప్పబోయింది గాని, బయట ఇరవై మంది కడుపులు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఇస్కా ఒక పళ్లెం తెచ్చి కొడుకు గోడో ముందు పెట్టింది. పొద్దున్న తనే ఒక దున్నమాంసం ముక్కని డోరాయ్ చేసిన గుజ్జులో ముంచి దాచిందట. చెంచా ఆనిస్తే చాలు, అది పేస్టులా విడిపోయింది.

"ముసలి దున్న! గంటన్నర ఉడికించినా లొంగని మాంసం. ఇదీ నీ పెళ్లాం పూసుకునేది."

గోడో అన్నం ముద్ద మళ్లీ కంచంలోనే పెట్టేశాడు. మంచివాడే పాపం, కాని అమ్మ మాట్లాడితే అమ్మ వైపు, పెళ్లాం మాట్లాడితే పెళ్లాం వైపు ఊగే రకం.

డోరాయ్ నవ్వింది. "నా మొహానికి చర్మం లేదనుకున్నావా అత్తా? చర్మం ఒలిచిన మాంసాన్ని ముంచి నా మీద నేరం మోపితే ఎలా? రేపు నేను చూపిస్తా."

మర్నాడు చర్మంతో ఉన్న పందిమాంసం తెచ్చింది. చర్మం వైపు గుజ్జు దట్టంగా పట్టించి, తను మొహానికి ఉంచుకునే దానికి రెట్టింపు సేపు ఉంచి కడిగేసింది. కత్తితో అడ్డంగా కోసి ఇంటిల్లిపాదికీ చూపించింది. చర్మం కింద మాంసం బిగువుగా, పొద్దున్న కసాయి ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"చూడండి. పైన చచ్చిన పొట్టుని తింటుంది, అంతే. బతికున్న చర్మం దానికి మూసిన తలుపు. ఎక్కడ రాసినా భయం లేదు."

ఇస్కా ఆ ముక్కల్ని కూరలో వేసేసింది. గోడో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మూల కూర్చుని నెలన్నర బిడ్డకు పాలిస్తున్న గోడో చెల్లెలు ఆదెల్ఫా మాత్రం, "ఎక్కడైనానా వదినా?" అని అడిగింది.

"ఎక్కడైనా," అంది డోరాయ్, గెలిచిన హుషారులో.

రెండో రోజు పొద్దున్నే ఆదెల్ఫా బిడ్డ పాలు పట్టకుండా గుక్కపట్టి ఏడ్చాడు. పెదాలు, నోటి మూలలు ఎర్రగా కందిపోయాయి. గుచ్చి గుచ్చి అడిగాక ఆదెల్ఫా చెప్పింది. చనుమొనలు పగిలి పొక్కులు కట్టాయి. ఆ పొక్కులు రాలితే కొత్త చర్మం వస్తుందని రాత్రి గుజ్జు రాసింది. మంటకు ప్రాణం పోయినట్టయింది. తుడిచేసి పిల్లాడికి పాలిచ్చింది.

"అయింది!" ఇస్కా నెత్తి కొట్టుకుంది. "నీ పంది చెప్పిన సాక్ష్యం ఇదేనా కోడలా?"

తప్పెక్కడ జరిగిందో డోరాయ్‌కు తెలుసు. ఆ పందిమాంసం మీద ఒక చివర కసాయి కత్తి గీరిన గాటు ఉంది. గుజ్జు కడిగినప్పుడు అక్కడ మాంసం మెత్తబడి వేలికి అంటింది. అది తనొక్కతే చూసింది. చూసి, ఆ వైపు కోసే పలకకు ఆనేలా తిప్పి పెట్టింది. పోట్లాటలో గెలవబోయేవాడికి ఇలాంటి బుద్ధే పుడుతుంది, లోకంలో ఎవరూ దీనికి అతీతులు కారు. పైగా ఇది తనకు కొత్త సంగతా? వేలు తెగిన రోజు రబ్బరు తొడుగు లేకుండా అనాసకాయ ముట్టుకునే చెక్కుడు మనిషి ఈ ఊళ్లో ఉందా?

వెంటనే ఆదెల్ఫానీ బిడ్డనీ తీసుకుని సబినా దగ్గరికి బయల్దేరింది. ఇస్కా చెప్పులు కూడా వేసుకోకుండా వెంట వచ్చింది.

సబినా బిడ్డ నోరు తడిగుడ్డతో తుడిచి, దీపం పెట్టి చూసింది. "పైపైన కందింది. రెండ్రోజుల్లో తగ్గుతుంది. నువ్వు రొమ్ము నీళ్లతో శుభ్రంగా కడుక్కుని నీ పాల చుక్కే పగుళ్ల మీద రాసుకో. వీడు నోరు సరిగ్గా పట్టడం లేదు, అందుకే పగుళ్లు. ఇలా పట్టించు."

అప్పుడు డోరాయ్ అడిగింది. అత్త వింటుండగానే అడిగింది. "అక్కా, తప్పు నాదే. ఎక్కడైనా రాయొచ్చన్నాను. గాటు దగ్గర మాంసం మెత్తబడటం చూసి కూడా ముక్క తిప్పి పెట్టి దాచాను. ఇప్పుడు చెప్పు, నా కడుపులో బిడ్డ సంగతేంటి?"

"ఆ రసంలో ఉండేది మాంసాన్ని కరిగించే ఎంజైమ్. పెద్ద ముద్దలాంటి పదార్థం. బాగున్న చర్మంలోంచి లోపలికి దూరడం కష్టం. కడుపుతో ఉన్నవాళ్ల మీద దీన్ని పెద్దగా పరీక్షించిన వాళ్లు లేరు, అందుకని ఒట్టేసి చెప్పను. కాని మొహానికి కొంచెం రాసి కాసేపట్లో కడిగేసుకుంటే నేను భయపడేదేమీ లేదు. మండితే, దద్దురు లేస్తే మానెయ్. తెగిన చోట, పగిలిన చోట వద్దు. పాలిచ్చేవాళ్లు రొమ్ము ఛాయలకే తీసుకుపోవద్దు."

"పన్నెండేళ్ల చెక్కుడో?"

"చేతికి తొడుగులు వేసుకోవే మొండిదానా! నీ వేలిముద్ర నాకు కావాలి."

ఇంటికొచ్చి డోరాయ్ డబ్బాలన్నీ బయట పెట్టింది. పారబోస్తుందేమో అనుకుంది ఇస్కా. పారబోయలేదు. ఒక్కో మూత మీదా పెద్ద అక్షరాలతో రాసింది: మొహానికి మాత్రమే. తెగిన చోట వద్దు. పాలిచ్చే రొమ్ముకు వద్దు. తర్వాత మార్కెట్‌కు పోయి, అంతకుముందు కొన్న చేపలావిడలు ఒక్కొక్కరినీ పట్టుకుని అదే చెప్పింది. ఒకావిడ నవ్వింది, ఒకావిడ తిట్టింది. డోరాయ్ తల వంచలేదు. తప్పు తనది కాబట్టి దాన్ని దిద్దే హక్కూ తనదే అనుకుంది.

మర్నాడు పొద్దున్న చెక్కుడు బల్ల దగ్గర కత్తి అందుకోబోతే ఇస్కా అడ్డం వచ్చింది.

"చేతులు చూపించు."

డోరాయ్ పది వేళ్లూ చాపింది. ముసలావిడ ఒక్కో వేలూ వెలుగుకేసి తిప్పి చూసి, ఎడమచేతి ఉంగరపు వేలు దగ్గర ఆగింది. గీతంత కూడా లేని చిన్న గాటు. కొంగుముడిలోంచి కొత్త రబ్బరు తొడుగుల జత తీసి తనే తొడిగింది.

"నాకు తెలియకుండా ఏ ముక్కా తిప్పి పెట్టొద్దు," అంది. "ఆదివారం మొహానికి రాసుకుంటావో, మానుకుంటావో నీ ఇష్టం. నీ పోలికతో నోరుగలది పుడితే మాత్రం ఆ నేరం అనాస మీద తోస్తా."

"తొయ్యి అత్తా," అంది డోరాయ్. కత్తి తీసుకుని మొదటి కాయ తల నరికింది.