ఆరో కార్డు, పందొమ్మిదో కార్డు

ఆగస్టు పదమూడు, మంగళవారం, ఉదయం పదిన్నర. జీవశాస్త్ర ప్రయోగశాలలోని పొడవాటి రాతిబల్ల చుట్టూ సమావేశమైనవారు నలుగురు: ప్రిన్సిపాల్, విభాగాధిపతి, ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్న అధ్యాపకురాలు, వయసు మళ్ళిన అటెండర్.

తేలవలసిన విషయం ఒక్కటే. మనుషులను రంగును బట్టి విడదీసి చూపే మానవ జాతుల పటాన్ని గోడమీంచి దింపించి ఆమె ప్రవేశపెట్టిన కొత్త పాఠం ఉండాలా, పోవాలా? పోతే దానితోపాటే ఆమెకు ఆ తరగతీ పోతుంది.

“ఇరవై రెండేళ్ళు ఆ పటం పెట్టుకునే పాఠం చెప్పాను. నువ్వూ దాన్ని చూసే పాసయ్యావు. ఇప్పుడది నీ కంటికి ఆనలేదా అమ్మాయ్?” అన్నాడు విభాగాధిపతి.

“తప్పు పటానిది మాస్టారూ, మీది కాదు.”

“చాల్లే, నాకు వెన్న పూయకు.”

ఆమె తన వెంట తెచ్చిన పెట్టె తెరిచింది. ముప్ఫై రెండు కార్డులు ఆయన ముందుంచింది. విద్యార్థికొకటి, పేరు లేదు, సంఖ్య మాత్రమే. మోచేతి లోపలివైపు చర్మపు ఛాయ, రక్తపు గ్రూపు, నాలుకమీద పెట్టిన పరీక్ష కాగితం చేదనిపించిందా లేదా, చెవితమ్మె వేలాడుతుందా అతుక్కుని ఉందా అన్న వివరాలు పిల్లలే ఒకరినొకరు పరీక్షించి రాసుకున్నారు.

“వీటిని జాతులుగా విడదీయండి మాస్టారూ. విడిపోతే పటాన్ని నేనే మేకు కొట్టి తగిలిస్తాను.”

ఆయన ఛాయను బట్టి మూడు కట్టలు చకచకా పేర్చాడు. రక్తపు గ్రూపు చూసేసరికి మూడూ కలగాపులగమయ్యాయి. మళ్ళీ పేర్చాడు. చేదు దగ్గర మళ్ళీ చెదిరాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, చివరికి రెండు కార్డులు పైకెత్తాడు.

“మిగతావి ఎలాగైనా ఏడవనీ. ఈ ఆరు, ఈ పందొమ్మిది! ఒక్క లక్షణమూ కలవలేదు. ఇవి రెండు జాతులు కాకపోతే నా పట్టా వెనక్కిచ్చేస్తాను!”

అవసరమైతే పేర్లు చెప్పవచ్చని పిల్లలందరూ ముందే ఒప్పుకుని ఉన్నారు. ఆమె రిజిస్టరు తెరిచి చూసింది. నవ్వాపుకుంటూ దాన్ని అటెండర్ వైపు తిప్పింది.

“ఆరు మా అమ్మాయండీ,” అన్నాడతను. “పందొమ్మిది మా అబ్బాయి. కవలలు. ఏడు నిమిషాల తేడా. ఇంతకీ నేనూ మా ఆవిడా ఏ కట్టలోకి వస్తామండీ?” అని అడిగాడు.

నవ్వుతో ప్రిన్సిపాల్‌కు పొలమారింది. విభాగాధిపతి మాత్రం రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. గది దద్దరిల్లేలా నవ్వాడు.

“పట్టా ఇచ్చేయమంటావా అమ్మాయ్?”

“వద్దు మాస్టారూ, ఆ పటం ఇవ్వండి చాలు. మొదటిరోజు దాన్ని చూపించాకే కార్డులు పంచుతాను. పిల్లలూ మీలాగే తంటాలు పడాలిగా.”

“‘మీలాగే’ అనకపోతే నీకు తోచదు!”

తీర్మానాన్ని ఆయనే చెప్పి రాయించాడు: ఈ పాఠం మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ తప్పనిసరి, తొలి తరగతిలో విభాగాధిపతి స్వయంగా కార్డులు పేర్చి చూపిస్తారు. అడుగున సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఆరో కార్డుకూ పందొమ్మిదో కార్డుకూ నడుమ దాన్ని ఉంచి, పెట్టె మూసి, తన చేత్తోనే బీరువాలో పెట్టాడు.