గీత మొదలయ్యే చోటు

మా షాపులో బాగుచేసిన ఇంజన్ని టెస్ట్ బెంచి ఎక్కించి, బరువు పెట్టి, ఎంత లాగుతుందో చూస్తాం. ఫలితం కాగితం మీద గీతగా వస్తుంది. నా కాగితాల్లో ఆ గీత రెండు వేల దగ్గర మొదలవుతుంది. అంటే నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర. అంతకంటే కింద మా పాత బెంచి గజగజ వణుకుతుంది, ముల్లు నిలవదు. నాన్న ఉన్నప్పుడు ఎంత వణికినా వెయ్యి నుంచే చూసేవాడు. ఒక్కో ఇంజనుకి పూటంతా పట్టేది. "బరువు లాగే బండి బతుకంతా కిందే ఉంటుందమ్మా" అనేవాడు. ఆయన పోయాక షాపు నా చేతికొచ్చింది. నాకు ఓపిక తక్కువ. కాగితంలో ఎడమవైపు ఖాళీగా వదిలేసేదాన్ని. ఎవరూ అడగలేదు.

బావ ఒక్కడే అడిగాడు.

మా అక్క మొగుడు క్వారీలో లారీ డ్రైవరు. రాళ్ల లోడుతో ఎత్తు మధ్యలో ఆగి మళ్లీ కదిలిస్తే, ముందు పెట్టుకున్న గ్లాసులో టీ తొణకదని పేరు. ఆ లారీ ఓనరుకి చదును రోడ్డు మీద బండి ఇంకా పరుగెత్తాలని కోరిక పుట్టింది. నేను చిన్న టర్బో తీసి పెద్దది బిగించాను. టర్బో తిరిగేది ఇంజను వదిలే పొగతోనే. చిన్నది కాస్త పొగకే తిరిగి ఇంజనులోకి గాలి తోస్తుంది. పెద్దది పైన బాగా తోస్తుంది కానీ, అది లేవాలంటే చాలా పొగ కావాలి. చిన్న గిన్నెలో నీళ్లు త్వరగా కాగుతాయి, గంగాళంలో కాగవు. ఈ సంగతి నాకు పదిహేనేళ్లప్పుడే తెలుసు. తెలిసి కూడా రెండు వేల నుంచే చూశాను. గీత చక్కగా పైకి లేచింది. మురిసిపోయాను.

బండి తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు బావ అడిగాడు. "మరదలా, కింద బలం ఎలా ఉంది?"

"నీ మోకాళ్ల కంటే నయమే బావా" అన్నాను.

అప్పటికి ఏడాదిగా ఆయనకి క్లచ్ తొక్కే ఎడమ కాలి మోకాలు నొప్పి. పగలబడి నవ్వుతూ వెళ్లిపోయాడు. నా నోటికి ఎప్పుడూ అదుపు లేదు.

మర్నాడు మొదటి లోడు. ఎత్తు మీద మలుపు దాటగానే ఎదురుగా ఇంకో లారీ దిగుతుంటే బావ ఆపాడు. బండిలోనే ఉన్న లోడింగు మనిషి దిగి వెనక చక్రం కింద చెక్క దిమ్మ పెట్టాడు. అతన్ని అందరూ పొడుగు అనేవాళ్లు. బావకి ఇరవై ఏళ్ల స్నేహితుడు. బావ క్లచ్ వదులుతుంటే ఇంజను చప్పుడు బరువెక్కగానే దిమ్మ లాగేయడం అతని పని. ఆ చప్పుడు తర్వాత బండి ముందుకే వెళ్తుందని ఇరవై ఏళ్ల నమ్మకం. ఆ రోజూ చప్పుడు బరువెక్కింది. పొడుగు దిమ్మ లాగాడు. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. బావ కాలు బ్రేకు మీదికి వచ్చేలోపు లారీ నాలుగడుగులు వెనక్కి జారింది. లారీకీ మలుపు గోడకీ మధ్య పొడుగు చనిపోయాడు.

పదిహేను రోజుల తర్వాత, వెనక భాగం బాగుచేయమని ఆ లారీ మా షాపుకే వచ్చింది. అడగని పని చేశాను. ఇంజను దించి బెంచి ఎక్కించాను. వెయ్యి నుంచి మొదలుపెట్టాను. బెంచి వణికింది, వణకనిచ్చాను. చిన్న టర్బోతో అదే ఇంజనుకి నాన్న తీసిన పాత కాగితం పక్కన పెట్టుకున్నాను. బావ క్లచ్ వదిలేది పదమూడు వందల దగ్గర. అక్కడ పాత బలంలో సగం కూడా లేదు. గీత రెండు వేల దాకా నేలబారుగా పోయి అక్కడ లేచింది. పైన పటారం, లోన లొటారం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

క్లచ్ సరిగా వదలలేదని, తప్పు తనదేనని మర్నాడు పదింటికి బావ క్వారీ కంపెనీలో సంతకం పెట్టాలి. పెడితే ఆయన లైసెన్సు పోతుంది, నా షాపు నిలుస్తుంది. ఆ లెక్క నా బుర్రలోకి రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఒక గంట కూర్చుంది కూడా.

తర్వాత రెండు కాగితాలూ పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. బావ మంచం అంచున కూర్చుని ఎడమ కాలితో నేలని నొక్కుతున్నాడు, వదులుతున్నాడు. అక్క గుమ్మంలోనే గొంతు తగ్గించి చెప్పింది. "పొద్దున్నించీ ఇదే పని."

"రా మరదలా" అన్నాడు. "నువ్వు ఆ రోజే అన్నావు కదా, నా మోకాళ్ల కంటే ఇంజనే నయమని. వింటే బాగుండేది. అప్పుడే మానేస్తే పొడుగు బతికేవాడు."

నేను నేల మీద కూర్చుని కాగితాలు ఆయన ముందు పరిచాను. అంతా చెప్పాను. టర్బో సంగతి, ఎడమవైపు ఖాళీ, చూడకుండానే ఆడిన ఆ హాస్యం. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

బావ చాలాసేపు రెండు గీతల్నీ చూశాడు. పదమూడు వందల దగ్గర వేలు పెట్టాడు.

"ఇక్కడేనా?"

"అక్కడే బావా."

"అయితే నా కాలు?"

"నీ కాలు సరిగ్గానే ఉంది."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. కాగితాలు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకోబోయి, ఆగి, నా చేతికే ఇచ్చాడు.

"కంపెనీకి రేపు వెళ్దాం. ముందు పొడుగు వాళ్లింటికి పద. వాళ్లావిడకి నువ్వే చెప్పాలి."

చెప్పులు వేసుకుని ముందు నడిచాడు. అక్క పెళ్లయినప్పటి నుంచీ ఆయన నన్ను మరదలా అనకుండా ఒక్క మాట మాట్లాడింది లేదు. ఆ రెండు వీధులూ నన్ను ఏమనీ పిలవలేదు. పొడుగు ఇంటి ముందు ఆగి, తలుపు నన్నే కొట్టమన్నాడు.