మా బాపు దాటిన నదులు

రెండోసారి గూడ సోషల్ పోయింది. మొదటిసారి ఇరవై నాలుగు, ఈసారి ముప్పై ఒకటి. ముప్పై ఐదొస్తే పాస్. తెలుగు, లెక్కలు, సైన్స్ అన్నీ గట్టెక్కినయి. నలభై ఆరేండ్ల ఈ సక్కుబాయిని దేశపటం ఒక్కటి ముంచింది.

మాది హైదరాబాద్‌ల గౌలిపుర. తాతల కాలం సంది పాలోళ్లం. ఇప్పుడు కొట్టంల నాలుగు బర్రెలే మిగిలినయి. మా ఆయన బస్ డిపోల మెకానిక్. నేను పొద్దుగాల పాలు పిండి, ఇండ్లకు పోసి, తొమ్మిదింటికల్ల పశువుల దవాఖానకు పోత. పదకొండేండ్ల సంది ఆడ రోజుకూలికి పనిచేస్తున్న. ఊడుస్త, కట్లు కడుత, సూది వేసేటప్పుడు బర్రె కదలకుండ పట్టుకుంట. ఒకనాడు డాక్టర్‌సాబే అన్నడు: "సక్కుబాయీ, నీ అంత పనొచ్చినోళ్లు ఈడ లేరు. టెన్త్ ఒక్కటి పాసైతే పర్మనెంట్‌కు నీ పేరు రాసి పంపుత."

నేను ఏడో తరగతిల బడి మానేసినదాన్ని. గా మాటతోనే ఓపెన్ టెన్త్ కట్టిన.

మార్కులు చూసి మా ఆయన, "ఇగ చాలుతియ్యే. నీ సర్టిఫికెట్ బర్రెలకు ఏం తెలుస్తది?" అన్నడు. ఎక్కిరించనీకె అన్నడో, నా మొఖం చూడలేక అన్నడో గని, ఆ పూట నాకు అన్నం దిగలే.

తెల్లారి పాలకొచ్చిన మనస్విని నన్ను చూడంగనే కనిపెట్టింది. గల్లీ మొదట్ల బియ్యం దుకాణం విమలాదేవమ్మ బిడ్డ. డిగ్రీ అయిపోయి సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతున్నది.

"ఏంది పెద్దమ్మా, గట్లున్నవ్?"

చెప్పిన.

"ఏడ పోతున్నయి మార్కులు?"

"పటం కాడ బిడ్డా. అది చూస్తే నాకు పగిలిన కుండపెంకు లెక్క కొడ్తది."

మధ్యాహ్నం నేను దవాఖాన నుంచి వచ్చేసరికి, చేతిల పెద్ద పటం పట్టుకొని మా వాకిట్ల నిలబడున్నది. కొట్టం గోడకు మొలకొట్టి తగిలించి, పుల్లతోని చూపెట్టవట్టింది. పైకి ఉత్తరం, కిందికి దక్షిణం అన్నది. కొంచెంసేపు ఓపిక పట్టిన. ఇగ ఆగలేకపోయిన.

"గదే నాకు సమజైతలేదు బిడ్డా. ఉత్తరమంటే గటు, మూసీ దిక్కు గదా. మరి పైన ఆకాశంల ఎట్లుంటది?"

మనస్విని నవ్వుతదనుకున్న. నవ్వలే. పుల్ల పక్కన పెట్టింది. తర్వాత పటం దింపి, కింద బండల మీద పరిచి, ఉత్తరం మూసీ దిక్కుకు వచ్చేటట్టు తిప్పి, గాలికి లేవకుండ నాలుగు మూలల రాళ్లు పెట్టింది.

"చెప్పులిడిసి రా. ఈ చుక్క కాడ కూసో. ఇది హైదరాబాద్. ఇప్పుడు చెప్పు, నీ బర్రెలు ఏడికెళ్లి వచ్చినయి?"

"ఇవి ఈడ పుట్టినయే. వీటి అమ్మమ్మలను మా బాపు హర్యానా కెళ్లి తెచ్చిండు. ముర్రా జాతి."

"ఎట్ల తెచ్చిండు?"

"రైల్ల."

మా బాపు దుర్గయ్యకు చదువు రాదు గని, పోయొచ్చిన తొవ్వ మొత్తం నోట్లనే ఉండేది. పోవుడు మామూలు రైల్ల, వచ్చుడు గూడ్స్‌డబ్బాల బర్రెల నడుమ. వచ్చినంక నెలరోజులు గదే ముచ్చట చెప్పేటోడు. నేను వందసార్లు విన్న. నేను చెప్తుంటే మనస్విని నా చూపుడువేలు పట్టుకొని పటం మీద నడిపించింది.

"ఖాజీపేట దాటుతుంటే ఓరుగల్లు కాకతీయుల ముచ్చట చెప్పేటోడు. ఆ ఎనుక గోదావరి. ఆ ఎనుక వార్ధా. ఇగ సాత్పురా గుట్టలు. రెండు దిక్కుల టేకు అడవి, పెద్దపులులుంటయట. గుట్టలు దిగినంక నర్మద. ఇంక ముందుకు పోతే చంబల్."

"చంబల్‌ల ఏముంటయి?"

"మొసళ్లు. మూతి సన్నగ, పొడుగ్గ ఉంటదట. మగదాని మూతి చివర బుడిపె, కుండ బోర్లించినట్టు. గందుకే ఘడియాల్ అంటరట. ఘడా అంటే కుండ గదా."

మనస్విని నోరు తెరిచి చూసింది. "ఇది నా పరీక్షల అడిగిన్రు పెద్దమ్మా. నాకు రాలే."

చంబల్ దాటి ఆగ్రా, యమున ఒడ్డెంబడి ఢిల్లీ, ఆడికెళ్లి పానిపట్. బర్రెలమ్మిన రైతు బాపుకు చేన్లు చూపెట్టి, ఈడ మూడు యుద్ధాలైనయని చెప్పిండట. మనస్విని సుద్దతోని బండ మీద ఆ మూడు యుద్ధాల సంవత్సరాలు రాసింది. "మొదటిది బాబర్ గెలిచిండు. రెండోది ఆయన మనుమడు అక్బర్ దిక్కోళ్లు గెలిచిన్రు. నడుమ ముప్పై ఏండ్లు," అన్నది. తాత, మనుమడు అనంగనే నాకు పట్టు దొరికింది. ఇన్నొద్దులు ఊరికే బట్టీ కొట్టిన.

ఆ దినం నుంచి రోజు ఒక గంట పటం మీదనే. జాఫరాబాదీ బర్రె గుజరాత్‌ది అని నేనంటే, ఆ పక్కనే గిర్ అడవి, మన దేశంల సింహాలు అడవిల తిరిగేది గా దిక్కే అని ఆమె చెప్పింది. ఒకనాడు వేలును తూర్పుకు, బ్రహ్మపుత్ర ఒడ్డుకు జరిపి, "ఇది కాజీరంగా. ఖడ్గమృగాలుంటయి. అడవిబర్రెలు గూడ," అన్నది.

"అడవిబర్రెలా? ఎవ్వరు కట్టెయ్యనియా?"

"ఎవ్వరు కట్టెయ్యనియి. వాటి కొమ్ములు నీ రెండు చేతులు చాపినంత."

నేను పటం దిక్కే చూసుకుంట కూసున్న. పాలు పిండే యాళ్ల దాటిపోతే, నా బర్రెలే అరిచి లేపినయి.

ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, నేరుగ పటం మీదికి నడవబోయిండు. "చెప్పులు తియ్యి! హిమాలయాల మీద కాలు పెడ్తున్నవ్," అని అరిచిన. బిత్తరపోయి చెప్పులిడిసిండు. కొంచెంసేపటికి మెల్లగ మోకాళ్ల మీద కూసొని, "శ్రీశైలం బస్సు తొవ్వ ఇందుల ఏడున్నది?" అన్నడు. కృష్ణను, నల్లమలను ఆయనే చూపెట్టిండు. బస్సు చెడిపోతే ఒక దినమంతా ఆ అడవిల ఉన్నడట. నాకెన్నడు చెప్పలే. ఆ తర్వాత చదువు మాను అనలే. నేను చదువుకునేటప్పుడు గడ్డి ఆయనే ఏసేటోడు.

పరీక్ష చాంద్రాయణగుట్ట కాడ ఒక బడిల. పటం కాగితం చేతికి రాంగనే ఉత్తరం ఎటున్నదో చూసుకొని గటు తిప్పిన.

"ఏందమ్మా, గట్ల తిప్పుతున్నవ్?" అన్నడు కాపలా సారు.

"ఉత్తరాన్ని ఉత్తరం దిక్కు పెట్టుకుంటున్న సార్."

ఆయన కిటికీల నుంచి ఎండ చూసి, తల గీక్కొని, "కరెక్టే," అని ముందుకు పోయిండు.

ఐదు గుర్తించుమన్నడు. నర్మద, చంబల్, గిర్, కాజీరంగా పెట్టిన. ఐదోది కావేరి. మా బాపు దక్షిణం దిక్కు ఎన్నడు పోలే. అందాజ మీద ఒక గీత గీసిన. బయటికొచ్చినంక ఏడ గీసిన్నో మా పటం మీద చూపెడితే మనస్విని, "అది పెన్నా, పెద్దమ్మా," అన్నది.

సోషల్‌ల యాభై ఏడు వచ్చినయి. మా ఆయన డిపోకు మిఠాయి డబ్బా తీసుకపోయిండు. డాక్టర్‌సాబ్ కాగితాలు పంపిండు. ఐదు నెలలైనంక ఆర్డర్ వచ్చింది. పర్మనెంట్ అటెండర్. మొదటిరోజు రిజిస్టర్ల సంతకం పెట్టిన. అక్షరాలు మంచిగనే వచ్చినయి.

మొన్న ఐతారం నాడు మా ఆయన ముచ్చట తీసిండు. "నువ్వు తప్పు గీసిన నది ఒకటుండె గదా. లీవ్ అడిగిన. చూసొద్దామా?"

బర్రెలను నాలుగురోజులు చూసుకుంటనని మా మరిది ఒప్పుకున్నడు. వచ్చే నెల కావేరి ఒడ్డుకు, తిరుచ్చికి పోతున్నం.