పిలిస్తే పలకని పిల్ల

మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. అందరి పిల్లల్నీ కంటికి రెప్పలా చూసుకుంటారని పేరు. సొంత పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ రెప్పలు మూతపడ్డాయి.

నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. పాప నా పక్కన కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతుంది. ఒక్కోసారి సూది గాల్లో ఆగిపోయేది. రెప్పలు టపటపలాడేవి, చూపు ఎటో పోయేది. పిలిస్తే పలికేది కాదు. కాసేపటికి ఏమీ ఎరగనట్టు, ఆపిన చోటి నుంచే మళ్లీ కుట్టేది.

డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఇదీ మూర్ఛేనంది. "కిందపడి కొట్టుకుంటేనే మూర్ఛ కాదమ్మా. ఆ కాసేపు పిల్లకి ఏమీ తెలీదు. మాత్రలు మానకుండా వేయండి, కుదురుకోడానికి కొంచెం టైం పడుతుంది. స్కూల్లో మాత్రం చెప్పండి."

చెప్పొద్దన్నారు ఈయన. "కూతురికి మూర్ఛంటే తండ్రికీ ఉందేమో అంటారు. ఇక నాకు స్టీరింగ్ ఎవడిస్తాడు? మన నోట్లో మట్టి కొట్టకు!"

అత్తగారు వంత పాడింది. "పడదు, నురగ కక్కదు, ఇదేం మూర్ఛ? పొగరు!"

మాత్రలు తెచ్చుకున్నాం, నోళ్లు కుట్టేసుకున్నాం. కుట్టుపని నాకు కొత్త కాదు కదా.

అది చాలదన్నట్టు, క్లాసు టీచరు బస్సు దగ్గరికొచ్చి "మీ అమ్మాయి పిలిస్తే పలకదండీ" అంటే, ఈయనగారు ఇకిలించి "మొండిదండీ, రెండు తగిలించండి" అన్నారట. ఆవిడ తగిలించింది.

ఆ సాయంత్రం పాప అరచేయి వాచిపోయి ఉంది. ఏడవలేదు. వాచిన చేతిని చూసుకుంటూ అడిగింది.

"అమ్మా, నేను లేనప్పుడు నన్నెందుకు కొట్టారు?"

మర్నాడే స్కూలుకెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌కి అంతా చెప్పేశాను. ఆవిడ అయ్యో అంది. టీచర్ని పిలిపించి చివాట్లు పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "మరి మీ ఆయనకి?" అంది.

"లేదండీ. ఆయనకున్నది భయమొక్కటే."

వింటేగా! డాక్టరు చూసి సరేననేదాకా ఈయన్ని బస్సెక్కొద్దన్నారు. ఈయన భయపడ్డదే జరిగింది. ఈయన మాటే నిజమైనందుకు నాకు మరీ ఒళ్లు మండింది.

రెండ్రోజుల తర్వాత ఈయన స్కూల్లో బతిమాలుకుని, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. చెప్పులు మూలకి విసిరేసి, గుండీలు కుడుతున్న పాప మీద విరుచుకుపడ్డారు.

"నీ వల్లే నా బండి పోయింది! ఎందుకు పుట్టావే మా ప్రాణానికి!"

పాప కదల్లేదు. సూది గాల్లో ఆగి ఉంది. రెప్పలు టపటపలాడుతున్నాయి. ఇంత దగ్గరగా ఈయన ఎప్పుడూ చూడలేదు. ఈయన మొహం పాలిపోయింది.

సూది మళ్లీ గుడ్డలోకి దిగింది. పాప తలెత్తి నవ్వింది.

"ఎప్పుడొచ్చావు నాన్నా? ఏమైనా అన్నావా?"

ఈయన నా వైపు చూశారు. నాకు జాలి కలగలేదు.

"చెప్పండి," అన్నాను. "ఇప్పుడు వింటుంది."